ఇందాకటిదా, ఇదా

సూదిలో దారం ఎక్కించేటప్పుడు నేను కుడికన్ను మూసుకుంటాను. ఎప్పుడు మొదలైందో సరిగ్గా గుర్తులేదు. పెళ్ళికి ముందు లేదని మాత్రం గట్టిగా చెప్పగలను, ఎందుకంటే అప్పట్లో మా అమ్మ సూదీ దారం పట్టుకుని నా దగ్గరికే వచ్చేది. పెళ్ళయిన కొన్నేళ్ళకి కళ్ళజోడు వచ్చింది, దాని వెనకే ఈ అలవాటూ వచ్చింది. మా ఆయన దీన్ని అచ్చం నాలాగే చేసి చూపించేవాడు. చుట్టాలొస్తే చాలు, అగ్గిపుల్ల ఒకటి పైకెత్తి పట్టుకుని, కుడికన్ను మూసి, మూతి వంకరగా పెట్టి, "ఇదిగో, మా ఇంటి ఒంటికన్ను టైలరు" అనేవాడు. అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే 'సరదా తెలియని మనిషి' అని ఇంకో బిరుదు తగిలించేవాడు.

ఇప్పుడు చేసి చూపించడానికి ఆయన పక్కన లేడు. లేడంటే పోయాడని కాదు, గుండ్రాయిలా ఉన్నాడు. ఆ ఇంట్లో నేనే లేను.

ఆ ఇంట్లో ఆడవాళ్ళకి కళ్ళజోడు కొనడమనే మాట ఎప్పుడూ వినలేదు. మామగారికి చిన్నప్పుడు ఏదో దెబ్బ తగిలి కుడికన్ను మసక. ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళు. కొత్త జోడు వచ్చేది. ఆయన దాన్ని పెట్టెలోంచి తీసి అందరికీ చూపించి మరీ పెట్టుకునేవారు. ఆయన పోయాక కొంతకాలానికి నాకు కుట్టు అలుక్కుపోయినట్టు కనిపించడం మొదలైంది. అత్తయ్య తన సొరుగులోంచి పాత జోడొకటి తీసి, చీర చెంగుతో తుడిచి ఇచ్చింది. "కొత్తవెందుకు, అమ్మవి ఉండగా?" అన్నాడు మా ఆయన. పెట్టుకుని లేచి నిలబడితే నేల పైకి లేచొచ్చినట్టనిపించింది. ఆ మాటే చెప్పాను. "పెట్టుకో. కొన్నాళ్ళకి అదే అలవాటవుతుంది" అంది అత్తయ్య. నిజమే, అలవాటైంది. తలనొప్పి కూడా అలవాటైంది. "దీనికి తలనొప్పి ఊపిరిలాంటిది, ఎప్పుడూ ఆడుతూనే ఉంటుంది" అనేవాడాయన. దానికీ నవ్వేవాళ్ళు.

నేను బయటికొచ్చేసింది కొట్టాడనో తిట్టాడనో కాదు. అలాంటిదేదైనా ఉంటే చెప్పుకోవడానికి తేలిగ్గా ఉండేది. ఒకరోజు బజారు నుంచి వచ్చేసరికి గదిమూల నా మిషను లేదు. నా కుట్టుకూలితో నేను కొనుక్కున్న మిషను అది. దాని మీద కుట్టీ కుట్టీ మా అమ్మాయిని చదివించాను. "అదా, చెల్లెలు అడిగితే ఇచ్చేశాను. మూల ఎంత విశాలంగా ఉందో చూడు" అన్నాడు టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా. నేను ఆ మూల వంక చూశాను. మిషను కాళ్ళు ఆనినచోట గచ్చు మీద నాలుగు మచ్చలు. ఎవరినడిగి ఇచ్చారన్నాను. "ఈ ఇంట్లో వస్తువు ఇవ్వడానికి నిన్నడగాలా? మరీ అంత కష్టంగా ఉంటే పో, ఎన్నాళ్ళుంటావో చూస్తాను" అన్నాడు. ఆ మాట ఆయన చాలాసార్లు అన్నాడు. వెళ్ళడం మాత్రం అదే మొదటిసారి.

బయటికొచ్చిన ఆడది హాయిగా ఊపిరి పీల్చుకుంటుందని చెప్పేవాళ్ళంతా పచ్చి అబద్ధాలకోరులు. నా గది ప్రింటింగు ప్రెస్సు పైన ఉంది. పగలంతా కింద మిషన్లు దడదడలాడుతుంటే గచ్చు సన్నగా వణుకుతుంది. సాయంత్రం అవి ఆగిపోతే, అయ్యో ఆగిపోయాయే అనిపిస్తుంది. ఒక మంచం, ఒక పొయ్యి, గోడవైపు తెరుచుకునే కిటికీ. ఇప్పటికీ నలుగురికి సరిపడా వండేస్తాను. వండి, వెంటనే తినను. అన్నం మీద మూతపెట్టి అటూ ఇటూ తిరుగుతాను. ఎందుకు తిరుగుతున్నానో చాలారోజులు అర్థం కాలేదు. మిగతావాళ్ళ భోజనాలు కావాలిగా! ఎవరూ తినకుండానే అందరూ తినేశాక, గిన్నె అడుగున ఉన్నది గీరి, నిలబడే తింటాను. మంచం మీద గోడవైపు అంచున పడుకుంటాను. కొన్ని సాయంత్రాలు గొంతు పనిచేస్తోందా లేదా అని ఊరికే దగ్గి చూసుకుంటాను. మా అమ్మాయి ఫోన్ చేసినప్పుడు, "బావున్నావా అమ్మా?" అంటే, "నాకేమే, రాణీలా ఉన్నాను" అంటాను. ఫోన్ పెట్టేశాక కాసేపు ఏడుస్తాను.

అందుకే ఒకరోజు ఆయన ఫోన్ చేస్తే నా మనసు మెత్తబడిందంటే సిగ్గుపడను. "అమ్మ కిందిమెట్టు చూసుకోకుండా పడిపోయింది. చెయ్యి విరిగింది, కట్టు కట్టారు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నీ మిషను తెప్పించేశాను. నీ మూలలోనే పెట్టించాను. వచ్చెయ్యి" అన్నాడు. క్షమించమనలేదు, ఆ మాట ఆయన నాలుకకి తిరగదు. కానీ 'నీ మిషను' అన్నాడు, 'నీ మూల' అన్నాడు. ఆ రెండు మాటలనీ రోజంతా నోట్లో బెల్లంముక్కలా దాచుకున్నాను. ఆదివారంలోగా చెబుతానన్నాను.

మర్నాడే వర్క్‌షాపులో నా కొంప మునిగింది. మాది చొక్కాలు కుట్టే వర్క్‌షాపు. సూపర్‌వైజరు ఒక కట్ట తెచ్చి నా బల్లమీద పడేశాడు. "ఏంటమ్మా ఇది? నల్లచొక్కాలకి నీలం దారమా? కొత్త ఫ్యాషన్ కనిపెట్టావా?" అన్నాడు. చేతికి దొరికిన చొక్కా తీసి ట్యూబులైటు కింద పట్టుకున్నాను. దారం నాకు నల్లగానే ఉంది. కుడికన్ను మూసి చూశాను. నీలం. కాలరు చుట్టూ, జేబు చుట్టూ, నిక్షేపంలాంటి ముదురు నీలం.

"కనిపించకపోతే ఇంట్లో కూర్చోవాలి. ఆదివారం సెలవే కదా, ఈలోగా కళ్ళు చూపించుకో. సోమవారం మళ్ళీ ఇలాంటిది నా కంటపడితే ఈ మిషను మీద ఇంకొకరుంటారు" అన్నాడు.

ఇంట్లో కూర్చోవాలట. ఏ ఇంట్లో? కుట్లు విప్పుతూ సాయంత్రం దాకా అదే ఆలోచన. ఉద్యోగం పోతే గది పోతుంది. గది పోతే మిగిలేది ఆ మూలే. అప్పుడు నేను వెళ్ళడం వెళ్ళడం కాదు, 'చూశావా, చెప్పానా' అన్న ఆయన మాటని నిజం చెయ్యడం. నా పక్క మిషనావిడని అందరం మైకు అంటాం. ఆవిడ రహస్యం చెప్పినా గేటు దాకా వినిపిస్తుంది. సగం చొక్కాలు తన ఒళ్ళోకి లాక్కుని, "నీ కళ్ళజోడు చూస్తుంటేనే నాకు కళ్ళు తిరుగుతాయి వదినా! దాని కాలికి దారం చుట్టి ఎన్నాళ్ళు నెట్టుకొస్తావ్? మా వీధి చివర కళ్ళజోళ్ళ కొట్టుంది, ఇవాళే పో" అని షాపంతా దద్దరిల్లేలా హితబోధ చేసింది.

వెళ్ళాను. కొట్లో ఉన్నది చిన్నపిల్ల, మా అమ్మాయి ఈడుది. ముందు నా జోడు తీసుకుని ఒక యంత్రంలో పెట్టి చూసింది. మళ్ళీ చూసింది.

"ఇది ఎవరిదండీ?"

"నాదే."

"మీకెవరు రాసిచ్చారు?"

"రాసివ్వడమేంటమ్మా, మా అత్తగారిది."

"మగవాళ్ళ ఫ్రేము కదండీ ఇది" అంది, దారం చుట్టిన కాలుని తిప్పి చూస్తూ. తర్వాత నన్ను కూర్చోబెట్టి, బరువైన గుండ్రటి ఫ్రేమొకటి ముక్కుమీద పెట్టి, గాజుబిళ్ళలు మారుస్తూ మొదలుపెట్టింది. "చూడండి. ఇందాకటిది బావుందా, ఇది బావుందా?"

"ఏదైనా పర్లేదమ్మా."

"ఏదైనా అంటే కుదరదండీ. ఇందాకటిదా, ఇదా?"

నాకు చెమట పట్టింది. నవ్వుతారేమో, కానీ నిజం. కూర ఏం చేయాలి, కిటికీ తెరవాలా మూయాలా, నాకు ఏ రంగు చీర కొనాలి, అన్నిటికీ నా దగ్గరున్నది ఆ ఒక్క జవాబే, ఏదైనా పర్లేదు. దాంతో సంసారం మొత్తం గట్టెక్కించాను. ఇక్కడ ఈ పిల్ల దాన్ని తీసుకోనంటోంది. పోనీ నీకేది బావుందో చెప్పు అన్నాను. "నేను మీ కళ్ళతో చూడలేను కదండీ" అంది. విసుక్కోలేదు. బిళ్ళ మార్చి మళ్ళీ అడిగింది. ఎదురుగా గోడమీద అక్షరాలు. అంతసేపు నాకోసం ఎవరైనా ఆగడం ఎప్పుడు జరిగిందా అని వెతుక్కున్నాను. "ఇందాకటిది" అన్నాను మెల్లగా.

చివర్లో ఆ పిల్ల నా పాత జోడు చూపించి చెప్పింది. "ఎడమవైపు గాజు కాస్త అటూ ఇటూగా మీకు సరిపోతుంది. కుడివైపుది మాత్రం బాగా ఎక్కువ నంబరండీ. కుడికన్ను దెబ్బతిన్నవాళ్ళకి ఇస్తారు. మీ కుడికన్ను భేషుగ్గా ఉంది. దీంట్లోంచి చూస్తే అంతా అలుక్కుపోతుంది. మీకు తలనొప్పి రావడం లేదూ?"

వస్తుందమ్మా, అది నా గుణమనుకున్నాను, అనబోయి ఆగిపోయాను. కుడికన్ను దెబ్బతిన్నది అత్తయ్యకి కాదు. మామగారికి. ఆయనకి కొత్త జోడు రాగానే పాతది అత్తయ్యకి దిగేది. అత్తయ్యకి ఇంకోటి దిగగానే, ముందుది నాకు దిగింది. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. నేను ఇన్నేళ్ళూ, అత్తయ్య నాకంటే ఇంకా చాలా ఏళ్ళూ, చచ్చిపోయిన ఒక మగమనిషి చెడిపోయిన కంటితో లోకాన్ని చూశాం. అన్నంలో రాయి వచ్చిందని మామగారు కంచం విసిరికొట్టిన రోజు గుర్తొచ్చింది. అత్తయ్య తల ఒకపక్కకి వంచి, మెతుకుల్ని నేలమీద తడుముకుంటూ ఏరింది. "కళ్ళున్నాయా, లేవా?" అని అరిచారాయన. నాకు పొద్దస్తమానం చీవాట్లు పెట్టే మనిషికి బాగా అయిందని ఆరోజు లోలోపల సంతోషించాను కూడా. ఇప్పుడు కిందిమెట్టు కనిపించక చెయ్యి విరగ్గొట్టుకుంది.

కొత్త జోడు చేతికొచ్చాక గదికెళ్ళి సూది తీసుకున్నాను. రెండు కళ్ళూ తెరిచే దారం ఎక్కించాను. మొదటిసారికే దూరింది. ఎవరికైనా చూపించాలనిపించింది. ఎవరూ లేరు. సూది పట్టుకుని చాలాసేపు మంచం మధ్యలో కూర్చున్నాను. బూజు, గోడ మీద పగుళ్ళు, నా చేతి మీద మచ్చలు, ఒక్కటీ దాగలేదు. గది ఇంకా ఇరుకైంది. అయినా ఆ మూల కంటే పెద్దదే. ఫోన్ తీశాను.

"ఆదివారం వస్తాను" అన్నాను.

"నాకు తెలుసు వస్తావని" అన్నాడాయన. ఆ గొంతులో గెలుపు వినిపించింది.

"ఉండటానికి కాదండీ. అత్తయ్యని కళ్ళ పరీక్షకి తీసుకెళ్ళడానికి. మళ్ళీ దింపేస్తాను. మిషను నాది కాబట్టి వెళ్ళేటప్పుడు బండిలో వేసుకెళ్తాను."

"కళ్ళు నెత్తికెక్కాయా నీకు? ఇంట్లో పని ఎవరు చేస్తారు?"

"ఇద్దరున్నారుగా. అత్తయ్యకి చెయ్యి విరిగింది. మీకు విరగలేదు."

ఫోన్ పెట్టేశాక, వచ్చెయ్యమని పిలిచే ఒక్క మనిషినీ పోగొట్టుకున్నానని ఏడ్చాను. ఆ తర్వాత అన్నం వేడిగా ఉండగానే, కూర్చుని తిన్నాను.

ఆదివారం నేను బండి దిగేసరికి అత్తయ్య గేటు దగ్గరే నిలబడి ఉంది. కట్టు కట్టిన చెయ్యి మెడలోంచి వేలాడుతోంది. పక్కనే దుప్పటి చుట్టిన నా మిషను. "పక్కింటివాళ్ళ చేత దింపించాను. వాడింకా లేవలేదు. లేస్తే రాద్ధాంతం" అంది. నన్ను ఎలా ఉన్నావని కూడా అడగలేదు. దారి పొడుగునా ఇద్దరి మోకాళ్ళ మధ్యా ఆ మిషను. నాకెందుకే ఈ వయసులో, నేనేమైనా చదవాలా రాయాలా, అని ఒకటే సణుగుడు.

ఆ పిల్ల అత్తయ్య ముక్కుమీద ఫ్రేము పెట్టి, "ఇందాకటిదా, ఇదా?" అంది.

అత్తయ్య ఆ ఫ్రేముతోనే నావైపు తిరిగింది. "ఏది చెప్పాలే?" అంది గుసగుసగా.

"మీకు ఏది బావుంటే అది, అత్తయ్యా."

"నాకా?"

గోడవైపు తిరిగింది. "ఇందాకటిది" అంది. ఒక్క క్షణం ఆగి, "కాదమ్మా, ఉండు. మళ్ళీ ఒకసారి పెట్టు, సరిగ్గా చూస్తాను" అంది. ఇంకోసారి పెట్టించుకుంది. ఇంకోసారి కూడా. ఆ పిల్ల ఓపిగ్గా మార్చింది. ఆవిడ కళ్ళు బాగానే ఉన్నాయి, వయసుకి తగ్గ చత్వారం అంతే. ఆ ముక్క నేనే చెప్పాను, కుడివైపు గాజు సంగతీ చెప్పాను. అత్తయ్య తన పాత జోడుని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. ఏడుస్తుందేమోనని నేను దగ్గరికి జరిగాను.

"ఇవి ఇక పనికిరావండీ, పారేయమంటారా?" అంది ఆ పిల్ల.

"వద్దు, ఇలా ఇవ్వు" అంది అత్తయ్య. చెంగుతో శుభ్రంగా తుడిచి, సంచిలో పెట్టుకుంది. "మావాడు ఈమధ్య పేపరు దూరంగా పట్టుకుని చదువుతున్నాడు. వాడికిస్తాను. పెట్టుకోనీ, కొన్నాళ్ళకి అదే అలవాటవుతుంది."