తెల్లచీరలో నీలి వెలుగు

కమలకుమారి ఈస్టుతో మాట్లాడటం మొదలుపెట్టి ఆర్నెల్లయింది. పిచ్చి పట్టి కాదు. ఇంట్లో పలకరించే మనిషి లేక, పొద్దస్తమానం చీకటి గదిలో కూర్చునేవాళ్ళు దేనితోనో ఒకదానితో మాట్లాడాలి కదా. గోడతో మాట్లాడటం కన్నా ఇదే నయం. ఈస్టుకి ప్రాణమైనా ఉంటుంది.

ఉప్పల్ రోడ్డు మీది పరిశోధనశాలలో ఆ గది కిటికీలన్నిటికీ నల్లగుడ్డ కట్టి ఉండేది. బల్ల మీద ఒక ఉక్కు దిమ్మ, దాని లోపల చిన్న బోలు, ఆ బోలుకి దళసరి క్వార్ట్జు అద్దం. పంపు కొడితే నడిసముద్రం అడుగున ఉండేంత ఒత్తిడి లోపలి నీళ్ళ మీద పడుతుంది. ఆ నీళ్ళలో రొట్టె పొంగించే ఈస్టు. కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని అద్దంలోంచి పంపితే ఆ కణాలు సన్నగా, నీలంగా వెలుగుతాయి. రంగు కలపక్కర్లేదు, మందు పెట్టక్కర్లేదు. అది వాటికి పుట్టుకతో వచ్చిన వెలుగు. కణం తిన్న తిండిలోని శక్తిని మోసే పదార్థం ఒకటుంది, వెలుగు దానిదే. ఊపిరి బాగా ఆడుతుంటే అది మోసిన బరువు దించుకుని మసకబడుతుంది. ఊపిరి ఆడకపోతే దించుకునే చోటు లేక పోగుపడి, వెలుగు పెరుగుతుంది. కణం చచ్చిపోతే వెలుగు ఆరిపోతుంది.

అంత ఒత్తిడిలో ఈస్టు ఒక పూట కూడా బతకదని తెలిసినవాళ్ళందరి మాట. కమలకుమారి దిమ్మలో మాత్రం రోజులు గడిచినా వెలుగు ఆరలేదు. పెరిగి, పెరిగినచోటే నిలబడింది. బయటికి తీసి మొలకెత్తించబోతే ఒక్క కణమూ మొలవలేదు, నిజమే. దానికీ ఆమె దగ్గర జవాబుంది. లోపల బతికే ఉన్నాయి, ఒత్తిడి తీసేసినప్పుడు ఆ కుదుపుకు పోయాయి. నలభై దాటినా తన పేరు మీద చెప్పుకోదగ్గ ఫలితం ఒక్కటీ లేని మనిషి. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు దాన్ని పట్టుకు కూర్చుంది. సోమవారం బొంబాయి నుంచి వచ్చే పెద్దల ముందు ఆ ఫలితం చదవాలి. వాళ్ళు మెచ్చితే దిమ్మా, గదీ, పనీ ఆమెవి. లేకపోతే అవన్నీ ఇంకొకరికి పోతాయి, ఆమె మళ్ళీ పక్కవాళ్ళ అంకెలు సరిచూసే బల్ల దగ్గరికి పోవాలి.

ఆ గది పోతే పొద్దుగూకగానే ఇంటికి వెళ్ళడం తప్ప మరో దారి లేదు. ఆమె భయమంతా ఇంటి గురించే.

నాచారంలో రాములమ్మ ఇంటి మేడ మీద రెండు గదుల వాటా. మొన్న వేసవిలో తల్లి సుశీలమ్మ పోయేదాకా అందులో ఇద్దరుండేవాళ్ళు. సుశీలమ్మది తెనాలి దగ్గర ఊరు. భర్త పోయిన దగ్గర్నుంచి తెల్లచీరే కట్టింది. కాలవ నీళ్ళకు అలవాటుపడ్డ మనిషికి నాచారం బోరు నీళ్ళు పగయ్యాయి. ఎంత ఉతికినా చీర పసుపు తేలేది. అందుకని బకెట్లో తెలుపు తెచ్చే టినోపాల్ పొడి కలిపి జాడించేది. ఆరిన చీర తెచ్చి కూతురి ముందు పట్టేది.

"తెల్లగా వచ్చిందా, చూడవే."

"వచ్చిందమ్మా" అనేది కమలకుమారి, చేతిలో కాగితాల మీంచి తలెత్తకుండానే. ముసలితనంలో ఈ తెలుపు పిచ్చి ఏమిటో అనుకునేది. పోయే ముందు ఏడాదిలో ఆ ప్రశ్న మరీ ఎక్కువైంది. జవాబు మాత్రం మారలేదు.

తల్లి పోయాక, పరిశోధనశాలలో అద్దం తుడిచే కాగితం అయిపోయింది. కొత్తది తెప్పించమని రాసిచ్చింది. అది ఎప్పుడొస్తుందో ఆ దేవుడికీ తెలియదు. పాత నూలుచీరను మించిన మెత్తన లేదని ఏ తెలుగింటి ఆడదాన్నడిగినా చెబుతుంది. చంటిబిడ్డ ఒళ్ళు తుడిచినా, కళ్ళజోడు తుడిచినా అదే. కమలకుమారి అమ్మ చీర ఒకటి చించి ముక్కలు చేసి తెచ్చుకుంది. కాగితం లేకపోవడం సాకు. అమ్మది ఏదో ఒకటి ఆ బల్ల మీద ఉండాలనిపించింది, అంతే.

శుక్రవారం పొద్దున పరిశోధనశాల పెద్ద నరసింహమూర్తి గదిలోకి వచ్చాడు.

"ఈస్టు లేకుండా, ఒట్టి ఉప్పునీళ్ళతో చూశారామ్మా?"

"వేసవికి ముందు చూశానండీ. వెలుగేమీ రాలేదు."

"ఇంకోసారి చూడండి. బొంబాయివాళ్ళు అడిగే మొదటి ప్రశ్న అదే."

ఆమెకు ఒళ్ళు మండింది. కళ్ళలో వత్తులు వేసుకుని కాపలా కాసిన వెలుగుని ఈయన శంకిస్తున్నాడా అనుకుంది. అయినా దిమ్మ కడిగి, అద్దం శుభ్రంగా తుడిచి, ఒట్టి ఉప్పునీళ్ళు నింపి దీపం వేసింది.

నీళ్ళు నీలంగా వెలిగాయి.

ఈస్టు లేదు. ప్రాణమన్నది ఒక్కటీ లేదు. వెలుగు మాత్రం ఆర్నెల్లుగా తను చూస్తున్న వెలుగే. దీపం సరిచేయబోతుంటే చేతిలోని గుడ్డ ఆ కాంతిలో పడింది. చీకట్లో గుడ్డంతా భగ్గున నీలంగా లేచింది. ఆ టినోపాల్ చేసే పని అదేనని ఆమెకు తెలియనిది కాదు. కంటికి కనపడని కాంతిని పట్టి నీలంగా వదులుతుంది, అందుకే గుడ్డ తెల్లగా కనిపిస్తుంది. ఇంత చదివీ, బల్ల మీదున్నది అమ్మ చీర అన్న సంగతే తట్టింది కానీ, అందులో అమ్మ ఏం కలిపిందో తట్టలేదు. తుడిచినప్పుడల్లా ఆ పొడే అద్దానికి అంటుకుంది.

దిమ్మని, అద్దాన్ని యాసిడ్‌తో కడిగింది. గుడ్డ ముట్టుకోకుండా గాలికి ఆరబెట్టి, కొత్త ఈస్టు పోసి పంపు కొట్టింది. వెలుగు పెరిగింది. మధ్యాహ్నానికి తగ్గుముఖం పట్టింది. సాయంత్రం ఇళ్ళకు పోయే బస్సుల వేళకి పూర్తిగా ఆరిపోయింది. తను ఇన్నాళ్ళూ మాట్లాడింది చచ్చిపోయినవాటితో అని అప్పుడు తెలిసింది. ఆ బల్ల దగ్గరే కూర్చుని ఏడ్చింది.

నరసింహమూర్తి అంతా విన్నాడు.

"ఆ గుడ్డ ఎక్కడిదమ్మా?"

"మా అమ్మ చీరండీ."

"సోమవారం చదివేవాళ్ళలోంచి మీ పేరు తీసేస్తాను" అన్నాడాయన, మెత్తగానే. దిమ్మ ఎవరికి పోతుందో ఆమె అడగలేదు. ఆ అతినీలలోహిత కాంతినిచ్చే చేతిదీపం ఒకటి ఇంటికి తీసుకెళ్ళనా అని మాత్రం అడిగింది. ఎందుకని ఆయనా అడగలేదు.

ఎందుకో ఆమెకే సరిగ్గా తెలియదు. పని పోయింది, వెలుగైనా ఇంకోసారి చూసుకోవాలనిపించింది. ఇంటికొచ్చి, తలుపులు మూసి, అమ్మ పెట్టె తెరిచి చేతిదీపం వేసింది. పాత చీరలు ఒకదాని తర్వాత ఒకటి, అంచు నుంచి అంచుదాకా ఒకే తీరున వెలిగాయి. చివరి ఏడాది కట్టినవి మాత్రం అలా లేవు. ఒకచోట పొడి ముద్ద కట్టి భగ్గున మండుతోంది. పక్కనే జానెడు మేర అసలు వెలుగే లేదు. ఒక చీర చెంగు మీద కరగని పొడిని వేళ్ళతో రుద్దిన చారలున్నాయి. పగటి వెలుతురులో ఇవేవీ కనపడవు.

తలుపు తోసుకుని రాములమ్మ వచ్చింది, గిన్నెలో కూర పట్టుకుని.

"ఏందమ్మా, లైటు బందు జేసుకొని కూసున్నవ్?" అని చీరల కేసి వంగి చూసింది. "గీ మచ్చలేంది?"

"అమ్మ పొడి సరిగా కలపలేదు."

"ఎట్ల గలుపుతది? ఆఖర్ల కండ్లు మసకలు గాలే? బకెట్ల ఎంత ఏసిందో గూడ తెల్వకపోయేది. దవాఖానకు పోదాం పా అంటే, పిల్ల పని మీదున్నది, జర దాని పని కానియ్యి అనేది." రాములమ్మ ఆగింది. "నీకు తెల్వదా?"

తెలియదు. ఉక్కు దిమ్మలో కంటికానని కణానికి ఊపిరాడుతోందో లేదో చూసిన మనిషికి, ఎదురుగా కూర్చుని అన్నం పెట్టిన అమ్మకు కళ్ళు కనపడటం లేదని తెలియదు. చీర తెచ్చి ముందు పట్టి అడిగింది తెలుపు పిచ్చితో కాదు. కనపడక అడిగింది.

రాములమ్మ గిన్నె కింద పెట్టి, గోడకు చేరగిలబడి కూర్చుంది. కమలకుమారి ఆ మచ్చల చీరని ఒళ్ళోకి తీసుకుని, చెంగు దీపం కిందికి లాగి, ఈసారి తల వంచి బాగా చూసింది.

"లేదమ్మా, సరిగ్గా రాలేదు" అంది. "మచ్చలు పడ్డాయి."