మోకు పేనిన చేతులు

నేను ఒక బల్లకట్టును. రెండు పాత పడవలను పక్కపక్కన కట్టి, పైన మద్దిచెక్కలు పరిచి నన్ను తయారుచేశారు. ఏటిపాయకు ఈ ఒడ్డున ఊరు, ఆ ఒడ్డున లంక. రెండు ఒడ్లకూ సాగదీసి కట్టిన లావుపాటి కొబ్బరితాడు ఉండేది. దాన్ని మోకు అనేవాళ్లు. అది పట్టి లాగితే నేను కదిలేదాన్ని. ఇప్పుడు బురదలో కూరుకుపోయి ఉన్నాను గనుక కదిలేదాన్ని అనడమే సరైన మాట.

నన్ను ఏ దొరా చేయించలేదు. లంకలో కూరగాయలు పండించేవాళ్లకు ఊరి సంత కావాలి, ఊరివాళ్లకు లంకలోని పచ్చిమేత కావాలి. అందుకని అందరూ కలిసి చేయించుకున్నారు. ఏటా వేసవిలో ఇంటికో పీచుకట్ట తెచ్చి, రేవులో కూర్చుని కొత్త మోకు పేనేవాళ్లు. పెళ్లి సంబంధాలు అక్కడే కుదిరేవి, పాత తగువులు అక్కడే తీరేవి, కొన్ని కొత్తవి కూడా అక్కడే పుట్టేవి. నన్ను నడిపే తాతబ్బాయికి కోతలయ్యాక ఇంటింటా ధాన్యం కొలిచేవాళ్లు. ఆ పద్ధతి అంతా బంగారమని నేను అనను. కొబ్బరిచెట్టు లేని పేదవాడు కూడా పీచు కొని తేవలసి వచ్చేది. తేలేనివాడు ఎక్కితే కొందరు మొహం ముడుచుకునేవాళ్లు. అది తప్పే. దాన్ని తమలో తాము దిద్దుకుని ఉంటే ఎంత బాగుండేదో.

దిద్దుకోలేదు, నన్ను సర్కారుకు అప్పగించారు. అధికారులు వచ్చి రేవులో సభ పెట్టారు. ఇకమీదట ప్రయాణం ఉచితం, తాతబ్బాయికి నెలజీతం, మోకు సంగతి ప్రభుత్వమే చూసుకుంటుంది అన్నారు. చప్పట్లు మోగాయి. లంకలో వంకాయలు పండించే గంగాభవాని ఒక్కతే లేచి నిలబడింది.

"మంచిదేనండి. లేనోళ్ల వంతు సర్కారోరు పెట్టుకుంటే దణ్ణం పెడతాం. బల్లకట్టు మాత్రం మా దగ్గరే ఉంచండి. మోకు తెగేది ఇక్కడ, మాట చెప్పేవోళ్లు ఎక్కడో. ఎలాగండీ మరి?"

"నీకు కష్టపడ్డం అలవాటైపోయిందే అక్కా," అని తాతబ్బాయి నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ ఆ చప్పట్లకు మురిసిపోయాను.

తాతబ్బాయికి ఖాకీ చొక్కా వచ్చింది. ఒడ్డున స్వాగత ద్వారం లేచింది, నాకంటే ఎత్తుగా, నాకంటే ఖరీదుగా. ప్రభుత్వం మారినప్పుడల్లా దానికీ నాకూ రంగు మారింది. మోకు మాత్రం మారలేదు. రంగుకు పద్దు ఉందట, మోకుకు ఇంకా తెరవలేదట. వేసవులు వచ్చి పోయాయి. ఎవరి పీచు వాళ్లు అమ్ముకున్నారు. పేనడం తెలిసినవాళ్లు ముసలివాళ్లయ్యారు.

చివరికి మోకు పురులు ఊడటం మొదలైంది. గంగాభవాని నెత్తిన పీచుకట్ట పెట్టుకుని రేవుకు వచ్చింది. అక్కడ తనిఖీకి వచ్చిన ఇంజనీరు ఉన్నాడు. చిన్నవాడు, మర్యాదస్థుడు.

"ఇది ప్రభుత్వ ఆస్తి అమ్మా. బయటివాళ్లు చెయ్యి వెయ్యకూడదు."

"నేను బయటిదాన్నా బాబూ?"

అతను తల దించుకున్నాడు. "నాకూ మార్చాలనే ఉందండి. నా చేతుల్లో లేదు. పైనుంచి రావాలి."

మోకు తెగితే ప్రాణాల మీదికి వస్తుందని నన్ను గొలుసుతో కట్టించి, తాళం వేయించి వెళ్లాడు. అతన్ని తప్పు పట్టలేను. ఆ పైన ఉన్నది ఎవరో నాకు తెలియదు. వాళ్లెవరూ నన్ను ఎక్కినట్టు గుర్తు లేదు.

లంకలో వంకాయలు మొక్కల మీదే ముదిరిపోయాయి. దూరంగా ఉన్న వంతెన మీదుగా చుట్టుతిరిగి తెస్తే కూరల వెల బండి కిరాయికే చాలేది కాదు. ఒక్కో కుటుంబమే లంక విడిచి వెళ్లింది. గంగాభవాని ఉండిపోయింది.

చాలాకాలానికి అనుమతి వచ్చింది, ఉక్కుతాడూ వచ్చింది. తాళం తీశారు. అప్పటికే నా పడవలు బురదలో దిగబడి ఉన్నాయి. ముందు నన్ను పైకి లాగాలి. తాతబ్బాయి రేవు మీద నిలబడి, పూర్వంలాగే ఊరివైపు కేక వేశాడు. ఒకప్పుడు ఆ కేకకు అన్నం ముందు కూర్చున్నవాళ్లు కూడా చెయ్యి కడుక్కుని వచ్చేవాళ్లు.

టీకొట్టు దగ్గరివాళ్లు తలలు తిప్పి చూశారు.

"గవర్నమెంటోళ్ల బల్లకట్టు కదండీ. మనుషుల్ని ఆళ్లే పంపుతార్లెండి," అన్నాడొకడు. మిగతావాళ్లు మళ్లీ గ్లాసులు అందుకున్నారు.

తాతబ్బాయి మొహం చూస్తే నాకు దుఃఖం వచ్చింది. అప్పుడే వంతెన మీదుగా చుట్టుదారిన నడిచి వస్తున్న గంగాభవాని ఆ కేక విని రేవులోకి దిగింది. కొంగు నడుముకు దోపి, నాకు కట్టిన తాడు కొస అందుకుంది.

"మన ఇద్దరివల్లా కదలదే అక్కా."

"ముందు లాగరా," అంది.

ఇద్దరూ లాగారు. చీకటి పడేదాకా లాగారు. నేను కదలలేదు. ఊరంతా పట్టినప్పుడు నేనెంత తేలిగ్గా ఉండేదాన్నో నాకింకా గుర్తుంది.