బండి తిరిగే చోటు

పొద్దున్నే బస్సు లోపల ఊడుస్తున్న యజమాని భార్య చీపురు ఆపింది. వరదలో మునిగి తేలిన ఊరికి సాయం చేసేవాళ్లను ఆ బస్సు రోజూ ఉచితంగా తీసుకెళ్లి తీసుకొస్తోంది. కింద చూస్తే పిడికెడు బురద కూడా లేదు.

“వీళ్లు వరదకు వెళ్తున్నారా, పెళ్లికి వెళ్తున్నారా?” అంది.

“కాళ్లు కడుక్కుని ఎక్కుతున్నారేమో,” అన్నాడు భర్త.

“మన బస్సు మీద అంత గౌరవం ఎవరికుందండీ?”

ఆ మాట అతన్ని తొలిచింది. సరుకు బయలుదేరిందా అని కాదు, చేరిందా అని అడిగేవాడే వ్యాపారి. మనుషులను పంపుతూ అతను ఆ ప్రశ్నే వేయలేదు. ఆ రోజు తనూ ఎక్కి కూర్చున్నాడు.

ఊరి మొదట్లో, ఖాళీ స్థలం దగ్గర బస్సు ఆగింది. అందరూ పారలు, చీపుళ్లతో దిగి ఎదురుగా ఉన్న దుకాణాలు కడగసాగారు. అవి అప్పటికే తళతళలాడుతున్నాయి.

“నిన్న కడిగిందే మళ్లీ కడుగుతున్నారు,” అన్నాడు చెప్పుల కొట్టాయన మెల్లగా. “వద్దంటే నొచ్చుకుంటారని ఊరుకున్నా.”

“ఇక్కడే ఎందుకు ఆపావు?” యజమాని డ్రైవర్ని అడిగాడు.

“బండి తిరిగేది ఇక్కడే కదండీ. సందులోకి దూర్చి గీత పడితే మీరే తిడతారు.”

అది తను పెట్టిన నియమమే. యజమాని ప్యాంటు మడిచి సందులోకి నడిచాడు. మలుపు దగ్గర ఇంట్లో కుట్టుపని చేసుకునే ఒకామె పళ్లెంతో బురద ఎత్తిపోస్తోంది. ఆమె తండ్రి మంచం మీద జ్వరంతో మూలుగుతున్నాడు. మంచం కోళ్లు సగం బురదలో దిగిపోయాయి.

“ఎవరూ రాలేదా అమ్మా?”

“బస్సు హారన్ రోజూ వినిపిస్తోంది బాబాయ్. నాన్నను ఒక్కదాన్నే ఎత్తలేను, వదిలి రాలేను. ఇవాళైనా వస్తారేమోనని చూస్తున్నా.”

అతను గబగబా వెనక్కి వచ్చాడు. “బండిని రివర్సులో సందులోకి పోనీ. వచ్చేటప్పుడు ముందుకే వచ్చేయొచ్చు.”

“గోడకు రాసుకుంటుందండీ.”

“రాసుకోనీ. రంగు వేయిస్తాలే.”

బురదలో నడుస్తూ తనే “రానీ, రానీ” అని దారి చూపించాడు. బస్సు ఒక పక్కంతా చెక్కుకుపోయింది. సాయానికి వచ్చిన కార్యకర్తలు ముసలాయన్ని మంచం మీదే మోసుకొచ్చి బస్సులో వెనక సీటు మీదికి చేర్చారు.

“ఇంత బండి నా ఒక్కడికేనా?” అన్నాడాయన నీరసంగా.

“ఆసుపత్రి దాకా నీదే నాన్నా, పడుకో,” అంది కూతురు.

కార్యకర్తల పెద్ద తల దించుకున్నాడు. “ఊరి మొదట్లో దించారు కదా, వరదంటే ఇంతే అనుకున్నాం.”

“దించినవాడూ అడగలేదు, దిగినవాళ్లూ అడగలేదు,” అన్నాడు యజమాని. “సాయానికి బయలుదేరాక చూడాల్సింది బండి ఎక్కడ తిరుగుతుందని కాదయ్యా, మనిషి ఎక్కడ చిక్కుకున్నాడని.”