కుస్కో బోనం

శాలిబండలోని మా బడిలో సోషల్ చెప్పే రాజమణి టీచరంటే పిల్లలకు హడల్. ఆ రాజమణిని నేనే. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. అందుకే కరస్పాండెంట్ విఠల్‌రావు గారు "నాటకంల నరబలి పెట్టున్రి టీచర్, చప్పట్లు మోగుతయ్" అన్నప్పుడు ఊరుకోలేకపోయాను.

బడుల మధ్య పోటీకి తొమ్మిదో తరగతి పిల్లలతో అజ్టెక్, ఇన్కా జనాల మీద నాటకం తయారు చేస్తున్నాను.

"చెరువుల బురద పోసి మళ్లు చేస్కున్నోళ్లు సార్ అజ్టెక్‌లు. ఇన్కాలు కొండను మెట్లు మెట్లు చెక్కి ఆలుగడ్డ పండిచ్చిన్రు. వాళ్ల రాజధాని కుస్కోల దుక్కి మొదలైతే రాజే ముందుగాల భూమి తవ్వేటోడు. బలి గూడ ఉండె, లేదంటలేను. మన బోనాలకొచ్చినోడు యాటను కోసుడొక్కటే ఫొటో తీస్కపోతే మీకెట్లుంటది?"

ఆయన బల్ల మీది టైంటేబుల్ ముందుకు లాక్కున్నారు. "మీ ఇష్టం. ప్రైజ్ రాకుంటే మాత్రం వచ్చే ఏడు సంది నాటకాల్ లేవు. ఆ పీరియడ్ కంప్యూటర్ క్లాసుకే" అన్నారు.

ఆ పీరియడ్ కోసమే బడికొచ్చే పిల్లలున్నారు. మున్నీ అలాంటిదే. తరగతిలో పెదవి విప్పదు, వేషం కడితే హాలు చివరిదాకా వినిపిస్తుంది. వాళ్లది చర్చికి పోయే ఇల్లు. నెత్తిన కుండ నిలపడం, ఏటా బోనమెత్తే ఇంటి పిల్ల, తన క్లాసు స్ఫూర్తి దగ్గర పట్టుబట్టి నేర్చుకుంది.

పోటీ చాంద్రాయణగుట్టలో, ఒక ఫంక్షన్ హాలులో. రాజు వేషంలో కేశవ్ భూమి తవ్వాడు. డప్పు మోగింది. భూమాతకు సాకగా నేల మీద పోయడానికి మొక్కజొన్న కల్లు కుండలు నెత్తిన పెట్టుకుని మా ఆడపిల్లలు హాలు వెనక నుంచి, జనం మధ్యగా వచ్చారు. ముందు మున్నీ.

అప్పుడు మూడో వరుసలో ఒక ముసలమ్మ లేచింది. చేతిలోని సీసా మూత తీసి, బోనమెత్తిన ఆడవాళ్లకు పోసినట్టే మున్నీ కాళ్ల మీద నీళ్లు పోసి దండం పెట్టింది. ఇంకేముంది, వరుసల్లోని ఆడవాళ్లంతా లేచారు. నీళ్లే నీళ్లు. మున్నీ తడబడలేదు. కుండ కదలలేదు. తడి కాళ్లతోనే వేదిక ఎక్కి సాక పోసింది. నా పిల్ల!

ప్రేక్షకులు నాటకంలో చెయ్యి పెట్టకూడదని నియమం. న్యాయనిర్ణేతలు మా పేరు కొట్టేశారు.

విఠల్‌రావు గారు ముఖం గంటు పెట్టుకుని తెర వెనక్కి వచ్చారు. నేనూ దెబ్బలాటకు సిద్ధంగానే ఉన్నాను. ఇంతలో ఆ ముసలమ్మ మమ్మల్ని తోసుకుని మున్నీ దగ్గరికి వచ్చింది.

"ఏ బస్తీ బోనం బిడ్డా మీది?"

"కుస్కో, అవ్వా."

"యాడుంటదది?"

"మస్తు దూరం. సముద్రం అవతల."

"దూరమైతేంది, అమ్మ అమ్మనే గద. మంచిగెత్తినవ్" అని ముసలమ్మ మున్నీ బుగ్గలు పుణికింది. "మిమ్ములను తోల్కొచ్చింది ఎవరు?"

నేను నోరు తెరిచేలోపే విఠల్‌రావు గారు కండువా సర్దుకుని ముందుకొచ్చారు.

"మేమే అవ్వా. శాలిబండ బడి. ఏడాదికొక్కపారి ఎత్తుతం. మళ్లేడు గూడ రా."