లడ్డూకి తలంటు

"రోజూ దువ్వండి చాలు అత్తయ్యగారూ, ఇంకేం చెయ్యద్దు," అని చెప్పి మా కోడలు హేమశ్రీ పది రోజుల ట్రైనింగుకి హైదరాబాదు వెళ్ళింది. ఏమీ చెయ్యకుండా ఊరుకోవడం మా పుట్టింటి వంశంలోనే లేదు.

లడ్డూ షిట్జూ జాతి కుక్క. పిల్లి కంటే కాస్త పొడుగు, నేల ఊడ్చేంత బొచ్చు. ఆ బొచ్చు ఎండుగడ్డిలా కనిపించి ప్రాణం ఉసూరుమంది. కొబ్బరినూనె దట్టించాను. లడ్డూ వెళ్ళి పెరట్లో ఊకలో దొర్లింది. నలుగు పెట్టి వేణ్ణీళ్ళు పోశాను. ఆరేసరికి చంకల్లో, చెవుల వెనక బొచ్చంతా ఉండలు కట్టి బిగుసుకుపోయింది. దువ్వెన పళ్ళు రెండు విరిగాయి.

భీమవరంలో కుక్కలకి క్షవరం చేసేచోటికి ఫోన్ చేస్తే, "మొత్తం గీసెయ్యాలి మేడం," అన్నారు.

"గీయించెయ్యవే," అన్నారు మా ఆయన పేపరు దించకుండా. "మొక్కుకున్నానని చెప్పు."

"కుక్క తలనీలాలు ఏ దేవుడు తీసుకుంటాడండీ?"

"ఇస్తే వద్దన్న దేవుణ్ణి చూశావా?"

ఆయనకేం, నవ్వుతారు. హేమశ్రీకి ఆరో నెల. పురుడయ్యాక ఉద్యోగానికి వెళ్తే బిడ్డని నాకు వదలాలా, క్రెష్‌లో వెయ్యాలా అని మొగుడూ పెళ్ళాం గదిలో మాట్లాడుకోవడం విన్నాను. కుక్కని సాకలేనిదానికి బిడ్డనెవరిస్తారు? హేమశ్రీ ఇవాళ సాయంత్రం రైలుకే దిగుతోంది.

పక్కింటి ప్రిస్కిల్లాగారిని పిలిచాను. మా నరసాపురంలో ముప్ఫై ఏళ్ళుగా లేసు అల్లుతున్న చెయ్యి ఆవిడది. లడ్డూని తిరగేసి చూశారు.

"ఇది కుక్కాండీ, గిన్నెలు తోమే పీచా?"

ఉండల మీద కార్న్‌ఫ్లోర్ చల్లి, లేసు అల్లే సూది కొక్కెం ఉండ లోపలికి దూర్చారు. "బొచ్చు మొదలు దగ్గర మీరు గట్టిగా పట్టుకోండి. చర్మం లాగితే దానికి నొప్పి. నేను కొసనించి వస్తాను."

మూడు గంటలు పట్టింది. మధ్యలో లడ్డూ ఆవిడ వేలు కొరికింది. "లేసు కొనే ఏజెంటు కంటే నయమేలెండి," అన్నారు.

చెవి వెనక ఉండ ఒక్కటి లొంగలేదు. ఆవిడ కత్తెరతో దాన్ని కోస్తుండగా హేమశ్రీ గుమ్మంలోకి వచ్చింది.

ఆ మొక్కు అబద్ధం నా నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "నూనె రాశానమ్మా. పైగా నలుగు పెట్టాను. వద్దన్నావు, వినలేదు."

ఆమె బ్యాగు దించలేదు.

"దీని సంగతి సరే," అన్నాను, ఇక దాచేదేముందని. "బిడ్డని నాకు వదుల్తావా, క్రెష్‌లో వేస్తావా?"

"తలుపు దగ్గర నిలబడి విన్నారా అత్తయ్యగారూ?"

"నిలబళ్ళేదు. కుర్చీ వేసుకున్నాను."

పక్కగదిలో మా ఆయన పేపరు కింద పడింది. హేమశ్రీ పెదవి బిగపట్టింది కానీ నవ్వు ఆగలేదు.

"మా అమ్మయితే బొచ్చు ఎండకి ఊడిపోయిందని చెప్పేది," అంటూ నా పక్కన చతికిలబడింది. "మీకే వదుల్తాను. చెయ్యద్దన్నది చేసినా, చేశానని మాత్రం చెప్పండి."

"మాటలు తర్వాతండీ," అన్నారు ప్రిస్కిల్లాగారు. "తోక మిగిలింది. ఎవరో ఒకరు పట్టుకోండి."

ఇద్దరం ఒకేసారి చెయ్యి చాపాం. లడ్డూ గుర్రుమంది, నన్ను చూసే.