ఉక్కు ఓడకి గుగ్గిలం

గంగయ్యకి చెవుడొచ్చిందన్న మాట తాళ్ళరేవులో మొదట పుట్టించింది ఆయన భార్య తలుపులమ్మే. నిజానికి ఆయనవి పాము చెవులు. పక్కింట్లో గిన్నె కిందపడితే అది ఇత్తడిదో స్టీలుదో కూర్చున్న చోటినుంచే చెప్పేవాడు. చెడిపోతున్నది చెవి కాదు.

ఆ సంగతి తలుపులమ్మకి ఎండాకాలంలోనే తెలిసింది. ఒకనాడు యానాం వెళ్ళినవాడు తిరిగొచ్చి, బస్సు దిగి, ఇల్లు ఎటువైపో తోచక కాలవగట్టు మీద కూర్చుండిపోయాడు. మందు చవగ్గా దొరికే యానాం నుంచి వస్తూ గట్టు మీద కూలబడ్డ మగాణ్ణి ఎవరూ కారణం అడగరు. నేవీలో ఇచ్చిన రమ్ము కూడా పక్కవాడి గ్లాసులో పోసేసిన మనిషి ఆయన. అయినా ఆ రోజుకి వీధి ఏమనుకుంటే అది అనుకోనిచ్చి, చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చుకుంది.

తరవాత వానాకాలంలో ఒక మధ్యాహ్నం పక్కింటి అచ్చాయమ్మ గోడ మీంచి పలకరించింది.

"బావగారూ, భోజనం అయిందా?"

గంగయ్య ఆమె వంక మర్యాదగా చూసి, "పోటు తగ్గాకేనండి. ఇప్పుడు దింపితే నావ నిలవదు" అన్నాడు.

అచ్చాయమ్మ నోరు తెరిచేలోపే తలుపులమ్మ అనేసింది. "వినబడట్లేదు అచ్చాయమ్మా ఆయనకి. చెవుడొచ్చింది. గట్టిగా చెప్పాలి."

అంతే. ఆ సాయంత్రం నుంచి వీధి వీధంతా ఆయన దగ్గర అరవడం మొదలెట్టింది. పాలవాడు అరిచేవాడు, పోస్టుమేన్ అరిచేవాడు. గంగయ్యకి విసుగొచ్చేది.

"వీళ్ళందరికీ ఏమొచ్చిందే తలుపులూ? అవతలి గట్టు మీదున్నవాడిని పిలిచినట్టు పిలుస్తారు."

"పెద్దవారని గౌరవం అండి."

"గౌరవం నెమ్మదిగా ఇవ్వమను."

అలా దాచడం తప్పని ఆమెకి తెలియక కాదు. ఆ ఊళ్ళో గంగయ్య మేస్త్రి అంటే ఒక మాట. వాళ్ళ నాన్న నావలు కట్టినవాడు. ఈయన నేవీలో చేరి యుద్ధనౌక మీద పదిహేనేళ్ళు వడ్రంగం చేసి వచ్చినవాడు. ఎవరి నావ ఒక పక్కకి ఒరుగుతున్నా, ఆయన వచ్చి ఒడ్డున కూర్చుని ఒక కన్ను మూసి చూసి ఏ పలకలో తేడా ఉందో చెబితే, రేవులో మళ్ళీ రెండో మాట ఉండేది కాదు. చెవిటి మేస్త్రి దగ్గరికి జనం సలహాకి వస్తారు. మతి తప్పిన మేస్త్రిని చూడ్డానికి వస్తారు. ఆ చూపులు ఆయన మీద పడకూడదని ఆమె పంతం. నరసాపురంలో ఉన్న కూతురికి కూడా చెప్పలేదు.

ఇంట్లో ఆయన పని ఓడ. తను తిరిగిన యుద్ధనౌకని కోసి తుక్కు కింద అమ్మేశారని ఎనిమిదేళ్ళ కిందట కబురు తెలిసిన రోజు ఆయన అన్నం ముట్టలేదు. మర్నాడు వసారాలో బల్ల వేసి, వెదురు బద్ద మీద గాట్లు పెట్టుకున్నాడు. ఓడ మీద ఎనిమిది అడుగులైతే బల్ల మీద ఒక అంగుళం. ఆ లెక్కన మూడున్నర అడుగుల ఓడ. కొనుక్కొచ్చి అతికించే బొమ్మ కాకూడదని ఆయన పట్టు. టేకు ముక్కలతో పక్కటెముకలు నిలబెట్టాడు. పౌడరు డబ్బాలు విప్పి ఆ రేకుతో తాపడం చేశాడు. ఫిరంగి గొట్టాలకి అయిపోయిన రీఫిళ్ళు, అంచు కమ్మీలకి ఫ్యూజు వైరు, రాడారుకి దోమల మెష్, గుండ్రటి కిటికీలకి బూట్ల తాళ్ళు దూర్చే కన్నాల రింగులు. టేకు ముక్కలు మాత్రం రేవులో నావలు కట్టే చోట పనిచేస్తున్న వీరబాబు తెచ్చిపెట్టేవాడు. వీరబాబు గంగయ్య తమ్ముడి కొడుకు. తండ్రి చిన్నప్పుడే పోతే గంగయ్యే ఉలి పట్టడం నేర్పాడు.

నమూనా కాగితమంటూ ఏదీ లేదు. అంతా ఆయన తలలోనే ఉంది. "ఇక్కడ మెట్లు పదకొండు. పన్నెండోది ఉందనుకుని కాలేశావా, పళ్ళు రాలతాయి" అంటూ చెప్పుకుంటూ చేసేవాడు. తలుపులమ్మ ఆ ఓడని ఒక్కసారైనా కళ్ళతో చూడలేదు. అయినా కళ్ళకి గంతలు కట్టి ఎక్కిస్తే వంటగదిదాకా నడిచి వెళ్ళగలనని ఆమె నమ్మకం.

కార్తీకమాసం మూడో సోమవారం అచ్చాయమ్మ వాళ్ళింటికి ఫోనొచ్చింది. కాకినాడ నుంచి బుల్లిరాజు గారు. ఓడ మీద గంగయ్యకి పై అధికారి, చీఫ్. మాజీ సైనికుల సంఘం హాల్లో అద్దాల బీరువా చేయించారట. నేవీ డే నాటికి గంగయ్య ఓడని అందులో పెడతారట. ఈ ఆదివారం కాక పై ఆదివారం తనే వచ్చి చూసి పట్టుకెళ్తానన్నారు. తలుపులమ్మకి వద్దనడానికి వంక దొరకలేదు.

గంగయ్య మొహం వెలిగిపోయింది. "రాజుగారు కంటితో చూడరే, వేలితో తడుముతారు. ఒక్క నూలు తేడా ఉన్నా వదలరు" అన్నాడు. ఆ రోజంతా మనిషి పూర్వంలా ఉన్నాడు. తలుపులమ్మ ఆశపడింది.

గురువారం ఆమె చేపల బజారు నుంచి తిరిగొస్తుంటే గేటు దగ్గరే వాసన కొట్టింది. గుగ్గిలం, నూనె కలిపి కాచిన వాసన. పుట్టిందీ మెట్టిందీ నావలు కట్టే ఇళ్ళలోనే కాబట్టి ఆ వాసన ఆమెకి తల్లి చీరంత తెలుసు. కొత్త నావ పలకల సందుల్లో నూలు దూర్చి, నీరు దిగకుండా పైన ఆ ముద్ద పూస్తారు. కానీ అది రేవులో రావాల్సిన వాసన. ఇంట్లోంచి వస్తోంది.

వసారాలో గంగయ్య బల్ల మీదికి వంగి ఉన్నాడు. కత్తిలా సూటిగా ఉండే ఓడ ముక్కుకి రేకు మీద సన్నటి చెక్కపలకలు కట్టి, నావ ముక్కులాగా పైకి లేపాడు. పలకల మధ్య దూది వత్తి ఉలితో ఒత్తుతున్నాడు. పక్కన కొబ్బరిచిప్పలో గుగ్గిలం ముద్ద.

"ఏం చేస్తున్నారండీ?"

"నీరు కారకూడదు కదే. నాన్న చూశాడంటే చెయ్యి విరుస్తాడు."

చేపల సంచి ఆమె చేతిలోనే ఉండిపోయింది. ఉక్కు ఓడకి సందులుండవు. దానికి నూలు దూర్చే మేస్త్రి భూమ్మీద ఉండడు. అది తప్పని రేవులో పదేళ్ళ పిల్లాడైనా చెబుతాడు, బుల్లిరాజు గారి దాకా ఎందుకు.

ఆయన కునుకు తీసినప్పుడు తలుపులమ్మ కూరల చాకుతో పలకలు ఊడదీసింది. కిరసనాయిలు గుడ్డతో మరకలు తుడిచింది. ముక్క ముక్కా పొయ్యిలో పెట్టింది. లేచాక ఆయన ఓడ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మళ్ళీ మొదలెట్టాడు. మర్నాడు ఆమె మళ్ళీ తీసింది. ఆయన మళ్ళీ కట్టాడు. మూడోసారి తీస్తున్నప్పుడు ఆమె చెయ్యి కాసేపు ఆగింది. ఆ పలకల వంపు ఎంత చక్కగా ఉందో. పెళ్ళయిన కొత్తలో మామగారి చేతికింద చూసిన వంపే. తీసింది. పొయ్యిలో పెట్టింది.

సోమవారం నుంచి గంగయ్య పడుకోవడం మానేశాడు. ముక్కు మళ్ళీ కట్టి, కుర్చీ బల్లకి ఆనించుకుని కాపలా కూర్చున్నాడు.

"ఎవడో వస్తున్నాడే. నేను కన్నుమూస్తే చాలు, పట్టుకుపోతున్నాడు."

"ఎవరొస్తారండీ మనింటికి?" అంది తలుపులమ్మ. చెప్పడానికి అది ఒక సమయం. దాటిపోయింది.

మంగళవారం వీరబాబు టేకు ముక్కల మూట చంకన పెట్టుకుని వచ్చాడు. గంగయ్య లేచి నిలబడ్డాడు.

"ఇవాళ ఏం పట్టుకుపోదామని వచ్చావురా?"

వీరబాబు నవ్వాడు, హాస్యమనుకుని. తరవాత ఆయన చేతిలో ఉలి చూశాడు. పెదనాన్నకి చెవుడని ఊరంతటితో పాటు వాడూ నమ్మాడు. అందుకని గొంతెత్తి చెప్పాడు. "నేనేం పట్టుకుపోలేదు పెదనాన్నా. నీ ఓడ నేనెందుకు ముడతాను?"

"అరుస్తావేంరా దొంగతనం చేసి?"

"దొంగతనం నేను చెయ్యలేదంటున్నాను!"

చెవిటివాడికని అరిచిన ఆ మాట వీధి చివరిదాకా వినబడింది. గోడల మీద తలలు లేచాయి. వీరబాబు చుట్టూ చూసి, మొహం ఎర్రబడి, తలుపులమ్మ వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు పెద్దమ్మా. ఎప్పుడన్నా ఈ ఇంట్లో పుల్ల తీశానా?"

నిజం చెబితే ఇన్నాళ్ళూ కప్పిపెట్టిందంతా ఆ తలలన్నిటి ముందూ బయటపడుతుంది. "పోనీలేరా. పెద్దాయన. ఇప్పటికి వెళ్ళు" అంది.

తీయలేదని అనలేదు, వెళ్ళమంది. ఆ ఒక్క మాటతో వాడు దొంగయ్యాడు. మూట అరుగు మీద దింపి, చెప్పులు వేసుకోకుండా చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు. శుక్రవారానికల్లా అచ్చాయమ్మ కబురు మోసుకొచ్చింది. "రేవులో కూడా సాయంత్రం ఉలులు లెక్కపెట్టుకుంటున్నారంట, మీ వాడు వెళ్ళాక. ఇంటి దొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడని ఊరికే అన్నారా."

తలుపులమ్మ రెండుసార్లు వీరబాబు ఇంటికి బయల్దేరి, రెండుసార్లూ మలుపు దగ్గర్నుంచి తిరిగొచ్చింది. ఆదివారం గడిస్తే చెబుతానని తనకి తను చెప్పుకుంది. కానీ కాపలా వల్ల ఓడ ముక్కు ఆమె చేతికి మళ్ళీ అందలేదు. నావ ముక్కుతోనే ఆదివారం వచ్చింది.

బుల్లిరాజు గారు కారు దిగారు. డెబ్భై దాటినా నిటారుగా ఉన్న మనిషి. గంగయ్య చొక్కా గుండీలు సరిచేసుకుని, మడమలు కలిపి నిలబడ్డాడు.

"గంగయ్యా! బాగున్నావా?" చెవుడు సంగతి అచ్చాయమ్మ ఫోనులోనే చెప్పిందేమో, రాజుగారు అరిచారు.

"బాగున్నానండి చీఫ్ గారూ" అని, జాలిగా దగ్గరికి జరిగి, "మీకు చెవుడొచ్చిందా అండి?" అన్నాడు.

రాజుగారికి నవ్వొచ్చింది. ఇద్దరూ బల్ల దగ్గరికి వెళ్ళారు. వెనక భాగం నుంచి మొదలుపెట్టారు. రాజుగారి వేలు కమ్మీల మీదుగా, మెట్ల మీదుగా మెల్లగా నడిచింది. "పదకొండు" అన్నారు తనలో తను. పొగగొట్టం దగ్గర ఆగి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "నేను పడుకునే బంకు ఇక్కడే గంగయ్యా." గంగయ్య తలూపాడు. తలుపులమ్మ గుమ్మాన్ని పట్టుకుని నిలబడింది. వేలు ముందుకి వెళ్ళింది. ముక్కు దగ్గర ఆగిపోయింది. వేలికి గుగ్గిలం అంటింది. రాజుగారు వాసన చూసుకున్నారు.

"ఇదేంటమ్మా? ఎవరన్నా పాడు చేశారా?"

గోడ మీంచి అచ్చాయమ్మ అందుకుంది. "వాళ్ళ వీరబాబేనండి. వారం నుంచి ఇదే గొడవ. అన్నం పెట్టిన చేతినే..."

రాజుగారు తలుపులమ్మ మొహంలోకి చూశారు. అవునని తలాడిస్తే చాలు. గంగయ్య మేస్త్రి మేస్త్రిగానే ఉంటాడు. ముక్కు ఒక్కటి బాగుచేసుకుని ఓడ కాకినాడ వెళ్ళి అద్దాల బీరువాలో కూర్చుంటుంది. ఎవరి కడుపూ మాడదు, వీరబాబుది తప్ప.

"వాడు కాదండి" అంది తలుపులమ్మ. "ఆ పలకలు కట్టింది ఈయనే. మూడుసార్లు తీసి పొయ్యిలో పెట్టింది నేను. ఈయనకి చెవుడు లేదండి రాజుగారూ. అదీ నేను చెప్పిన అబద్ధమే. మనిషి మతి జారిపోతోంది. ఆరు నెలలయింది. వీరబాబు ఏ పుల్లా ముట్టలేదు, వింటున్నావా అచ్చాయమ్మా."

గోడ మీద అచ్చాయమ్మ తల కిందికి దిగింది.

గంగయ్య అంతా విన్నాడు. భార్య వంక తిరిగాడు. కోపం లేదు ఆ మొహంలో. అదే ఆమె భరించలేకపోయింది.

"నువ్వా?" అన్నాడు. "ఎందుకే?"

"ఆ ఓడకి అలా ఉండదు కదండీ."

"ఉండదా?" ఆయన ఓడ వంక చూశాడు. తరవాత రాజుగారి వంక. "ఉండదా అండి?"

ఒక్క నూలు తేడా వదలని రాజుగారు వేలికంటిన గుగ్గిలం రుమాలుకి తుడుచుకున్నారు. "ఉండదు గంగయ్యా" అన్నారు చివరికి, చాలా నెమ్మదిగా.

ఓడ కాకినాడ వెళ్ళలేదు. రాజుగారు కారెక్కుతూ, "డాక్టరుకి చూపించమ్మా. అమ్మాయికి చెప్పు. ఒక్కదానివే మొయ్యకు" అన్నారు.

ఆ సాయంత్రమే ఆమె వీరబాబు ఇంటికి వెళ్ళింది. వాడి పెళ్ళాం ఎదుటే జరిగిందంతా చెప్పుకుంది. వాడు చాప మీద కూర్చుని గోళ్ళు చూసుకుంటూ విన్నాడు.

"ముందే నా చెవిన వెయ్యొచ్చు కదా పెద్దమ్మా. నేనేమన్నా ఊళ్ళో టముకు వేస్తానా? వాళ్ళందరి ముందూ వెళ్ళమన్నావు."

"అన్నాను."

"రేపు రేవుకి వచ్చి మా మేస్త్రితో చెప్పు" అన్నాడు. ఆమె వెళ్ళి చెప్పింది. ఊరు అర్థం చేసుకుంది. ఉలులు లెక్కపెట్టడం మానేశారు. అరవడం కూడా మానేశారు.

మంగళవారం వీరబాబు వచ్చాడు. గంగయ్య కుర్చీలోంచి లేచాడు.

"వచ్చాడే దొంగ. రానివ్వకు."

ఆదివారం జరిగినదంతా ఆయన తలలోంచి తుడిచిపెట్టుకుపోయింది. అనుమానం ఒక్కటే మిగిలింది. ఆమె వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడింది.

"వాడు కాదండి. తీసింది నేను."

"నువ్వా?" అన్నాడు గంగయ్య. అదే గొంతు, అదే చూపు, మొదటిసారి వింటున్నట్టు. "ఎందుకే?"

బుధవారం మళ్ళీ. గురువారం మళ్ళీ. రోజూ ఒకే మాట కదా, నాలుకకి అలవాటు పడుతుందనుకుంది తలుపులమ్మ. పడలేదు. వీరబాబు మాత్రం అలవాటు పడ్డాడు. వచ్చి గుమ్మం బయటే ఆగుతాడు. ఆమె ఆ మాట చెప్పి, ఆయన ఆ మాట అడిగి, కుర్చీలో మళ్ళీ కూర్చునేదాకా ఓపిగ్గా నిలబడతాడు. ఆ తరవాతే చెప్పులు విప్పుతాడు.