ట్రాన్స్‌ఫార్మరుకు కొబ్బరికాయ

మిట్టమధ్యాహ్నం చేపల షెడ్డు నుంచి మా ఓన్ అనే ఆమెను పిలుచుకొచ్చారు. చేతులకు రొయ్యల పొట్టు ఇంకా అంటుకునే ఉంది. ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె చుట్టూ పేటంతా మూగింది. ఫ్యూజు మళ్లీ కాలిపోయింది. ఐసు ఫ్యాక్టరీ ఆగింది, ఫ్యాన్లు ఆగాయి, బుట్టల్లో రొయ్యలు వాసన పడుతున్నాయి.

కొబ్బరికాయ, అరటిపళ్లు, ఎర్రగుడ్డ సిద్ధంగా ఉన్నాయి. మొక్కాల్సింది ఆమె. కిందటేడు ఎండల్లో ఆమె భర్త, లైన్‌మన్ బ హాన్, ఇక్కడే ట్రాన్స్‌ఫార్మరు ట్యాంకు పగిలి, మరిగిన నూనె మీద పడి చనిపోయాడు. అర్ధాంతరంగా పోయినవాడు నాత్ అనే దేవతై ఆ చోటు వదలడని ఈ మ్యెయిక్ రేవులో చంటిపిల్లలకు కూడా తెలుసు. అందుకే ట్రాన్స్‌ఫార్మరు మోత పెరిగితే బ హాన్‌కు కోపం వచ్చిందంటారు. పెళ్లాం చేత కాయ పెట్టిస్తారు. లోడు మాత్రం ఒక్క బల్బంత కూడా తగ్గించరు. మనిషిని దేవుణ్ణి చేసేశాక అతని మాట వినక్కర్లేదు మరి!

ఆ మోత భర్త గొంతేనని మా ఓన్ కూడా నమ్మింది. షెడ్డులో పనిచేస్తున్నా చెవిలో అదే. పిలిచినప్పుడల్లా వచ్చి, శాంతించమని బతిమాలి వెళ్లేది. భయం కన్నా ఆమెకు బెంగ ఎక్కువ.

ఇవాళ సరఫరా తీసేశారు, మోత లేదు. అలవాటుగా ట్యాంకు మీద చెయ్యి వేసి వెంటనే తీసేసింది. ఇంకా కాలిపోతోంది, జ్వరంలో ఉన్న ఒంటిలా.

పక్కనే మరిది ఫో సీ గొంతుక్కూర్చుని రాగి తీగ మెలేస్తున్నాడు. అన్న పోయాక ఆ ఉద్యోగం అతనికిచ్చారు.

"అదేంట్రా, అంత లావు? ఫీజు తీగేనా?"

"ఇదైతే కాలదు వదినా."

"తీగ కాలకపోతే ఏది కాలుద్ది?"

ఫో సీ తలెత్తలేదు. "ట్యాంకు మీద రాసిన లోడే ఈ ఎండలో మొయ్యలేదు. ఫ్యాక్టరీ వాళ్లు కొత్త మోటార్లు కూడా తగిలించారు. సగం ఆపమంటే ఆపుతారా?"

"మీ అన్న కూడా పోయిన రోజు పొద్దున ఇలాగే మెలేశాడు. అరుగు మీద కూర్చుని."

"తెలుసు."

ఫ్యాక్టరీ యజమాని ఊ ట్యాన్ లిన్ గొడుగు కింద నిలబడి తొందరపెట్టాడు. "కానియ్యమ్మా ఓన్, ఐసంతా నీళ్లయిపోతోంది. నీ మొగుడు ఏనాడైనా నా మాట కాదన్నాడా?"

"అన్లేదు బాబూ. అందుకే పోయాడు."

జనం గొణిగారు. ఆమెతో పాటు రొయ్యలు వలిచే దా సెయిన్ ముందుకొచ్చింది. "ఒసే ఓన్, సరుకు కుళ్లితే రేపు మన పొయ్యిలో పిల్లి లేవదే. ఓ దణ్ణం పెట్టడానికి నీకేం నొప్పే?"

సెయిన్ అన్నది అబద్ధం కాదు. మా ఓన్ కాయ చేతిలోకి తీసుకుంది. మళ్లీ పళ్లెంలో పెట్టేసింది.

"ఆయనకి కోపం లేదు. మొయ్యలేకపోతున్నానని అరుస్తున్నాడు. నా చేత ఆయన నోరు నొక్కిస్తున్నారు మీరు. ఇంక నొక్కను."

ఫో సీ పక్కనున్న, తీగ బిగించే ఫ్యూజు పిడి లాక్కుని, ఒళ్లో పెట్టుకుని దిమ్మెకు ఆనుకుని కూర్చుంది. వీపు చురుక్కుమన్నా జరగలేదు.

"కొత్త మోటార్లు ఆపండి. అప్పుడు సన్న తీగ వేస్తాడు."

"చూస్తావేంట్రా, తీసుకో!" అని యజమాని అరిచాడు. ఎవరో శాపనార్థాలు పెట్టారు. ఫో సీ లేచి దగ్గరకొచ్చాడు, చెయ్యి చాచాడు.

"వదినా... ఇచ్చెయ్యి."

"ఇస్తా. మీ అన్నలా ఇక్కడ నిలబడి వేసేది నువ్వే. నా మొహం చూసి అడుగు."

అతను చూడలేకపోయాడు. అలాగని చాచిన చెయ్యి వెనక్కీ తీసుకోలేదు.